అలియాబాద్ తల్లి చేసిన టేబుల్

మేడ్చల్‌లో నా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో సగం మంది డేటాబేస్ అనగానే ఆవులిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. అందుకే అలియాబాద్ నుంచి వచ్చిన ఆ తల్లి మొదటిరోజే "సార్, నాకు గిదొక్కటే నేర్పుండ్రి" అంటే ముచ్చటేసింది.

ఆమె కూతురికి తలసేమియా. నెల తిరక్కముందే రక్తం ఎక్కించాలి, లేకపోతే పిల్ల వాడిపోతుంది. ఇచ్చేవాళ్ల నంబర్లన్నీ ఫోన్‌లో కలగాపులగం. మొన్ననే ఇచ్చినవాళ్లకు మళ్లీ ఫోన్ చేసి మాట పడుతోంది.

ముందు డేటాబేస్ తయారుచేసి పేరు పెట్టమన్నాను. కూతురి పేరే పెట్టింది. అందులో ఒక టేబుల్. పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు, కిందటిసారి ఇచ్చిన తేదీ, ఫోన్ నంబర్, దేనికది ఒక కాలమ్. ఏ ఇద్దరికీ ఒకటే ఉండని కాలమ్ ఒకటి కావాలి, దాన్నే ప్రైమరీ కీ అంటారని చెప్పాను. తడుముకోకుండా ఫోన్ నంబర్ అంది. నాకూ బాగానే తోచింది. కమాండ్‌లో ప్రతి కామాకూ నన్ను పిలిచి ప్రాణం తీస్తూనే పేర్లు ఎక్కించింది.

గౌడవెల్లిలోని ఒక ఇంటివాళ్లను ఎక్కిస్తుంటే కంప్యూటర్ మొండికేసింది. భర్త పేరు తీసుకుంది, భార్య పేరు తీసుకోలేదు. ఇద్దరికీ ఒకే ఫోన్. ఆయన మొన్ననే రక్తం ఇచ్చాడు, భార్యదీ అదే గ్రూపని చెప్పాడట.

"ఆ ఇంటికి ఒక పేరు చాల్లేమ్మా," అన్నాను విసుగ్గా.

"ఫోన్ ఇంటిది సార్. రక్తం మనిషిది గదా."

టేబుల్ తీసేసి మళ్లీ మొదటి నుంచి చేసింది. ఈసారి మనిషికో వేరే నంబరు ఇచ్చి దాన్నే కీ చేసింది. ఆ ఓపికకు దండం పెట్టాలి.

పిల్లకు ఎక్కించే రోజు దగ్గరపడింది. పిల్ల గ్రూపులో ఇప్పుడు ఇవ్వగలిగినవాళ్లను వెతికితే ఒక్క పేరే తేలింది, ఆ భార్యది. ఫోన్ భర్త ఎత్తాడు.

"అన్నా, ఈసారి నువ్వు గాదు, వదినె గావాలె."

అవతల ఫోన్ ఆమె అందుకుంది. "నన్ను గిన్ని రోజులు ఎవ్వలడగలే. జల్దీ వస్త."

వచ్చి ఇచ్చింది. పిల్లకు రక్తం ఎక్కింది. మర్నాడు తల్లి నా సెంటర్‌కు వచ్చి, ఆ పేరు పక్కన తేదీ కొట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇక ఆమె పని అయిపోయిందనుకున్నాను.

"సార్, ఇంకో టేబుల్ జెయ్యాలె," అంది కుర్చీ ముందుకు లాక్కుంటూ.

"ఇంకెవరిదమ్మా?"

"రక్తం గావాల్సిన పిల్లలది. దవాఖానల నా బిడ్డ ఒక్కతే లేదు."