అమావాస్య నాటి సైకిళ్ల లెక్క

రెండేళ్ల కిందటి చలికాలం. నిజామాబాద్ స్టేషన్‌లో కమర్షియల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. బోధన్ నుంచి వచ్చే పొద్దుటి ప్యాసింజర్‌లో చోటు చాలక పనివాళ్లు సైకిళ్లను కిటికీ ఊచలకు బయట వేలాడదీసుకుని వచ్చేవారు. ప్రమాదం కాబట్టి ఇకమీదట అలా తెస్తే దింపేయమని ఉత్తర్వు వచ్చింది. లోపలే చోటివ్వండని వాళ్లు అర్జీ పెట్టుకున్నారు.

"టికెట్ల డబ్బు ఖర్చులకే చాలని బండి, దానికి మళ్లీ నిధులా?" అంది పై ఆఫీసు. ఆక్యుపెన్సీ సర్వే, అంటే బోగీలో చోటు ఎంత వాడుతున్నారో బండెక్కి లెక్కించే పని, నా నెత్తిన పడింది.

బోధన్‌లో ఎక్కి బండంతా తిరిగితే కనిపించినవి రెండే సైకిళ్లు. 'అవసరం లేదు' అని రాయడానికి పెన్ను తీశాను. ఎదుటి సీట్లో మల్లయ్య. కత్తులకు సాన పట్టే మనిషి, అర్జీలో మొదటి సంతకం ఆయనదే.

"యేడవోయినయి మల్లన్నా, మీ సైకిళ్లు?" అన్నాను వెటకారంగా.

"ఇయ్యాల అమాస గద సారూ. చక్రం తిప్పం. కంఠేశ్వర్ గుడికి పోతున్న."

నాకు తల కొట్టేసినట్టయింది. పుట్టి పెరిగింది పక్కనే ఉన్న మాక్లూర్‌లో. అమావాస్య నాడు మా ఊరి మేస్త్రీ తాపీ ముట్టడు. కేలండర్ చూడకుండా బయల్దేరిన ఘనుణ్ణి నేను.

"సైకిల్ ఇంటికాడ పెట్టి, టౌన్‌ల ఒకటి కిరాయికి తీసుకోరాదా?"

"సాన రాయి సైకిల్‌కే ఉంటది సారూ. తొక్కితెనే తిరుగుతది. దుకాణం ఇంటికాడ ఇడిసి నేనొక్కన్ని అచ్చి ఏం జెయ్యాలె?"

మూడు రోజులాగి మళ్లీ వెళ్లాను. ప్లాట్‌ఫాం నిండా సైకిళ్లే! మల్లయ్య పేరుపేరునా పిలిచి ఎక్కిస్తున్నాడు. నిజామాబాద్‌లో దిగేవాళ్లవి లోపలికి, ముందు స్టేషన్లలో దిగేవాళ్లవి తలుపు దగ్గరికి. అన్నింటినీ పాత ట్యూబుతో కట్టేశాడు. దారిలో ఎవరి సైకిలూ ఎవరికీ అడ్డం రాలేదు. ఇంజినీర్లు గీసిన ప్లాన్లు ఎన్నో చూశాను గానీ, ఇంత ముచ్చటైన పని చూడలేదు. అయినా పట్టనివి కిటికీలకు వేలాడుతూనే ఉన్నాయి.

ఆయన పద్ధతినే రిపోర్టులో రాశాను. కొత్త బోగీ అక్కర్లేదు, ఒక వరుస బల్లలు తీసి ఇనుప కడ్డీలు బిగిస్తే చాలన్నాను. మైనర్ వర్క్స్ అనే చిన్న పనుల నిధి నుంచి మంజూరై, కడ్డీలు బిగించారు.

ఆ తర్వాతి అమావాస్యకు, ఈసారి కేలండర్ చూసుకునే, ఆ బండెక్కాను. కొత్త చోటంతా ఖాళీ. మూలన ఒకే ఒక్క సైకిల్, సాన రాయితో సహా. పక్కన మల్లయ్య.

"ఏంది మల్లన్నా, అమాస నాడు పనికా?"

"కాదు సారూ, గుడికే. గాని మల్ల ఎవలన్న కొత్త సారు ఇయ్యాల్నే లెక్కవెట్టనీకె అస్తే, ఖాళీగున్నదని గుంజుకుంటరు గద. ఒక్కటన్న కానరావాలె."

ఏ లెక్కకు వెళ్లినా, ముందు ఆ పనివాళ్లకు సెలవెప్పుడో అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. సిగ్గుతో తల దించుకున్నాను కూడా. తప్పు చేసింది నేను, కాపలా కాస్తున్నది ఆయన.