ఒక్కనిమిషమ్మ ఉద్యోగ వేట

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ ఒక్కనిమిషమ్మ. ఇరవైమూడేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, "ఒక్క నిమిషం అండీ, కలుపుతున్నాను" అని రోజుకు మూడు వందల సార్లు అన్నందుకు దక్కిన బిరుదు అది. సన్మానం లేకుండా వచ్చింది కాబట్టి నిజమైన బిరుదేనని ఆవిడ లోలోపల మురిసిపోయేది కూడా.

చివరికి ఆ బోర్డు స్థానంలోకి తనంతట తానే మాట్లాడే యంత్రం వచ్చింది. దానికి తలనొప్పి రాదు, సెలవు అక్కర్లేదు. ఆవిడకు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపేశారు. ఇకమీదట ఆవిడ దగ్గర బోలెడంత మిగిలేది కాలమేనని తెలిసి ఇచ్చారో, తెలియక ఇచ్చారో!

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. రెండో అంతస్తులో ఒక అద్దె గది, కిటికీ పక్కన కుర్చీ, గోడ పొడుగునా పుస్తకాలు. ఆ గదంటే ప్రాణం. నెలాఖరులోగా ఉద్యోగం దొరక్కపోతే అది ఖాళీ చేసి చెల్లెలింటికి చేరాలి. చెల్లెలు మంచిదే. ఆ మంచితనమే భయం.

"ఎలాగూ ఖాళీయేగా అక్కా, మా ఇంట్లోనే ఉండిపో. నువ్వుంటే నాకు వంటింటి బెంగ తీరిపోతుంది," అంది.

పేపర్లో ప్రకటనలన్నీ ముప్పై దాటనివాళ్ళనే రమ్మంటున్నాయి. ఆవిడకు యాభై ఒకటి. పేరు నమోదు చేయించుకుందామని ఉపాధి కార్యాలయానికి వెళితే, గుమస్తా ఫారం తిరగేసి, "ఈ ఉద్యోగం మా జాబితాలోంచి ఎప్పుడో తీసేశారమ్మా," అని జాలిపడ్డాడు. చెల్లెలి భర్త కంప్యూటరు ముందు కూర్చుని ఆవిడ తరఫున ఇరవై దరఖాస్తులు పంపాడు. నాలుగు జవాబులొచ్చాయి. నాలుగూ యంత్రాలు రాసినవే.

"ఇలా అయ్యే పని కాదు వదినా. కాంటాక్టులుండాలి."

"నాకా కాంటాక్టులు లేనిది? ఊళ్ళో సగం మంది తెలుసు మరిదిగారూ!"

మర్నాడు పొద్దున్నే కాగితం తీసి వాళ్ళందరినీ రాసింది. పొడిదగ్గు పెద్దమనిషి. గుక్కతిప్పుకోని ఆవిడ. పేరడిగితే మండిపడే ఆయన. మొత్తం ముప్పై ఎనిమిది గొంతులు, ఒక్క మొహమూ లేదు. అందరినీ అందరితో కలిపి తాను ఒంటరిగా మిగిలిన పెళ్ళిళ్ళ పేరయ్య వాటం తనదని తేలేసరికి నవ్వొచ్చింది. తనకు పెళ్ళి కాకపోవడం వల్ల పోలిక మరీ బాగా అతికింది.

నంబర్లన్నీ నోటికొచ్చు. ఫోన్లు మొదలుపెట్టింది. "సారు మీటింగులో ఉన్నారు," అందో అమ్మాయి. ఇన్నేళ్ళూ ఇలాంటి లేని మీటింగులన్నీ జరిపించింది తానే. వెనక నుంచి "లేనని చెప్పు" అన్న సారు గొంతు చక్కగా వినబడింది. "ఫోను మీద అరచెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమి పెట్టాలమ్మాయ్," అని సలహా చెప్పి పెట్టేసింది.

పదమూడో ఫోను పైపుల వ్యాపారిది. ఆయనే ఎత్తాడు.

"హలో, ఎవరండీ?"

ఏం చెప్పాలో కాగితం మీద రాసుకునే ఉంది. నోరు మాత్రం కాగితం వంక చూడలేదు.

"నమస్కారమండీ, ఎవరికి కలపమంటారు?"

"చేసింది మీరేగా తల్లీ!"

"ఒక్క నిమిషం అండీ, లైన్లో ఉండండి."

ఫోను బల్ల మీద బోర్లించింది. గదిలో ఉన్నది తానూ, కుర్చీనూ. ఎవరికని కలుపుతుంది? సిగ్గుతో చచ్చి, మంచినీళ్ళు తాగి, మొహం కడుక్కుని, ఎప్పటికో వచ్చి చూస్తే అవతల ఎవరూ లేరు.

క్షమాపణ చెప్పుకుందామని మర్నాడు ఆయన దుకాణానికి వెళ్ళింది. ఉద్యోగం అడగడం కంటే క్షమాపణ అడగడం ఆవిడకు ఎంతో తేలిక. పైపుల దొంతర్ల మధ్య ఒక బక్కపలచని మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ గొంతు విని ఇన్నేళ్ళూ ఎంత లావుగా ఊహించుకుందో!

"ఏం కావాలమ్మా?"

"నిన్న ఫోన్లో... ఒక్క నిమిషం అన్నది నేనేనండీ."

ఆయన లేచి నిలబడ్డాడు. "మీరా! పావుగంట పట్టుకునే ఉన్నానమ్మా ఫోను. మీరు ఉండమంటే ఉండటం అలవాటైపోయింది. ఇంతకీ లైన్లో ఎవరు?"

"ఎవరూ లేరండీ. నేనే."

"మరి మీకేం కావాలి?"

"అబ్బే, ఏం లేదండీ, ఊరికే," అంటూ గుమ్మం వైపు తిరిగింది. రెండడుగులు వేసేసరికి చెల్లెలి వంటిల్లు కళ్ళముందు మెదిలింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఉద్యోగం కావాలండీ. నాకే."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఇక్కడేముందమ్మా, నేనూ ఈ పైపులూనూ. అయితే ఉండండి, మా బావమరిది పళ్ళ డాక్టరు. అక్కడ ఫోనెత్తే పిల్ల పది గంటలకని నలుగురిని ఒకేసారి రమ్మంటోందట. కూర్చున్నవాళ్ళు కొట్టుకు చస్తున్నారు." అప్పటికే నంబరు నొక్కేశాడు. "ఒరేయ్, నువ్వడిగిన మనిషి దొరికింది. పదిహేనేళ్ళు నా ఫోన్లన్నీ ఈవిడ చేతి మీదుగానే నడిచాయి. ఒక్కనాడూ విసుక్కోవడం వినలేదు. ఇదిగో, మాట్లాడు."

ఫోను ఆవిడ చేతికొచ్చింది.

"నొప్పి మీదున్నవాళ్ళు తిడతారండీ. ఓర్చుకోగలరా?" అన్నాడు డాక్టరు.

"తిట్టడం రాదు గానీ తిట్లు వినడం బాగా వచ్చండీ. జీతం ఎంతిస్తారు?"

ఆ చివరి మాట తానే అందా అని ఆవిడ పైపుల ఆయన మొహంలోకి చూసింది. అన్నారన్నట్టు ఆయన తలూపాడు. డాక్టరు చెప్పింది పాత జీతంలో ముప్పాతిక. గదికీ తిండికీ సరిపోతుంది, కొత్త పుస్తకాలకు చాలదు. పాతవాటిలో సగం ఎలాగూ మర్చిపోయింది. సోమవారం నుంచి వస్తానంది.

సాయంత్రం చెల్లెలికి చెప్పింది.

"అయ్యో!" అంది చెల్లెలు. వెంటనే నాలిక కరుచుకుని, "అదే, మంచిదేలే అక్కా. పోనీ ఆదివారాలైనా వస్తావా?"

"వస్తానే. భోజనానికి," అంది అక్క.