బావగారి ఊరేగింపు పాట

తను రిటైరయ్యే రోజున భూమి కాసేపు తిరగడం ఆపి చూస్తుందని మా బావ నమ్మకం. ఉక్కు ప్లాంటులో తన చేతిమీదుగా వెళ్లిన రైలుపట్టాలు పరిస్తే చంద్రుడిదాకా వెళ్లి, అక్కడో జంక్షను కూడా కట్టుకోవచ్చని ఆయనే చెప్పాడు.

భిలాయిలో రిటైరైన మనిషిని గేటు దగ్గర దండలతో ముంచేసి, ఓపెన్ జీపులో ఎక్కించి, పాటలతో క్వార్టరుకు తీసుకొస్తారు. కిందటి నెల ఎదురింటాయనకీ అలాగే చేశారు. ఆయన్ని చూడ్డానికి బయటికొచ్చింది ఒక ఆవు. అదీ దండ కోసం. అప్పట్నుంచి బావకి నిద్రలేదు. సెక్టర్ 4లో మా వీధి వీధంతా బయటికొచ్చి తనని చూడాలి, అంతే. అందుకోసం తన పెళ్లినాటి తెలుగు పాట ఒకటి ఎంచుకుని, దాని బాధ్యత బావమరిదినైన నామీద పడేశాడు. ఆ పాట పేరు ఇక్కడ రాయను. రాస్తే ప్రమాదం.

సౌండు బండి భయ్యాకి పేరు చెప్పాను. ఆయన మీసాల మీద రెండు పావురాలు కాపురం పెట్టొచ్చు గానీ, బుర్రలో తెలుగు ముక్క లేదు. ఫోన్లో పేరు కొట్టి, వచ్చింది వచ్చినట్టు వదిలాడు.

మొదట ఓ భజన మోగింది. బావ జీపులోనే చెప్పులు విప్పేశాడు. తర్వాత ఓ విరహగీతం. డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ స్పీడుబ్రేకరు చూసుకోలేదు, మేమంతా ఓసారి ఆకాశం చూసొచ్చాం. ఆ తర్వాత జోలపాట. దానికి వెనకాల స్కూటర్లవాళ్లు ఆవలింతలు మొదలెట్టారు. నేను తెలుగువాలా, తెలుగువాలా అని మొత్తుకుంటే భయ్యా ఫోను నా ముక్కుకి ఆనించి, "యహీ నామ్ హై నా?" అన్నాడు. నామ్ అదే మరి. లోకంలో పాటలన్నిటికీ ఆ ఒక్క పేరే పెట్టుకున్నట్టున్నారు.

జీపు మా వీధిలోకి తిరిగింది. ఒక్క తలుపు తెరుచుకుంటే ఒట్టు. బావ మెడ దండల్లోకి కుంగిపోయింది. అప్పుడు మోగింది నాలుగోది.

రోజూ పొద్దున్నే మా వీధికొచ్చే చెత్తబండి వేసే పాట పేరు కూడా అదే. ఆ పొద్దున బండి రాలేదు.

తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. కుంభమేళా ఏపాటి? ఒక చేతిలో పచ్చ బకెట్టు, ఇంకో చేతిలో నీలం బకెట్టు, పరుగో పరుగు. బావ చేతులు జోడించి, ఎన్నికల్లో నెగ్గినవాడిలా అటూ ఇటూ దణ్ణాలు పెట్టాడు. పక్కింటి దీదీ అలవాటు ప్రకారం బకెట్టు పైకందించింది. బావ బొకే అనుకుని అందుకున్నాడు. నిండా ఉల్లితొక్కలు.

గుమ్మంలో హారతి పళ్లెంతో అక్క. "ఏట్రా ఇది, మీ బావని తెచ్చావా, చెత్తబండిని తెచ్చావా?"

నేను జీపు కింద దూరడానికి చోటు చూసుకుంటున్నాను. బావ బకెట్టు వంక చూశాడు. కిక్కిరిసిన వీధి వంక చూశాడు. నా చెవిలోకి వంగాడు.

"ఇది నా పాట కాదురా."

"ఆపించీమంటావా బావా?"

"ఎవడాపమన్నాడు? ఇంకో రౌండు తిప్పమను. ఆ మూలింటోళ్లు ఇంకా రాలేదు."