ఐదు వందల ఒకటి

గద్వాల కోట దారిలో జైనబ్‌కు చిన్న గాజుల అంగడి ఉంది. ఆమె దగ్గర డజను గాజులు అడిగిన వాళ్ళ చేతికి పదమూడు పడేవి. పదమూడోదానికి పైసా తీసుకునేది కాదు. ఇచ్చేదేదైనా లెక్క తెగిపోయినట్టు ఉండకూడదని, పైన ఒకటి ఉంటేనే మనుషుల మధ్య రాకపోకలు సాగుతాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతో అంగడి పెద్దదేమీ కాలేదు గానీ, మూతా పడలేదు.

2008లో ఆమె కూతురు అల్ఫియాకు షార్జాలో ఆడపిల్ల పుట్టింది. అల్లుడు మునవ్వర్ అక్కడ బట్టల దుకాణంలో పనిచేస్తాడు. కాన్పుకు రమ్మని, వీసా, టికెట్టు తానే చూసుకుంటానని అతను ఎంత బతిమాలినా జైనబ్ కదల్లేదు. మల్దకల్ జాతర దగ్గర పడింది, గాజులు ఎవరు అమ్ముతారు అంది. జాతర మాట నిజమే గానీ, అసలు సంగతి విమానం. రైలెక్కితేనే దిగేదాకా దువా చదువుకునే మనిషి ఆమె. కూతురి కాన్పుకు పోలేదన్న దిగులు మాత్రం లోపల పుట్టెడు ఉంది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేక, చిల్లాకు కానుక పంపి తీరాలని పట్టుబట్టింది.

చిల్లా అంటే బిడ్డ పుట్టిన నలభయ్యో రోజు. ఆనాటికి అమ్మమ్మ ఇంటి నుంచి పసిదాని చేతికి కానుక అందాలి. జైనబ్ అనుకున్నది ఐదు వందల ఒక్క దిర్హాము. జాతరలో గొంతు పోయేలా అరిచి గాజులమ్మి, ఆ మేరకు రూపాయలు కూడబెట్టింది. ఎవరిచేతనైనా పంపుదామంటే, చిల్లాలోపు షార్జా పోయేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

భర్త గులాం రసూల్ ఆటో నడుపుతాడు. రోడ్డు మీదే కాదు, ఏ పనికైనా అడ్డదారి వెతకడం అతని అలవాటు.

"వియ్యపురాలు వనపర్తిలనే ఉంది గద. రూపాయలు ఆమె చేతిల పెడ్దం. అక్కడ మునవ్వర్ తన జీతంలకెల్లి తీసి ఇస్తడు. ఖర్చు లేదు, పరేషాన్ లేదు" అన్నాడు.

"గట్లయితే అల్లుడు తన సొమ్ము తన బిడ్డకే ఇచ్చుకున్నట్టు. మరి నేనేమిచ్చిన?" అంది జైనబ్.

రసూల్ గుడ్డ తీసుకుని ఆటో అద్దం తుడవడానికి పోయాడు.

గద్వాలలో మొదట వెళ్ళిన బ్యాంకులో మేనేజరు కళ్ళజోడు తీసి ఆమెను తేరిపార చూశాడు. "అక్కడికెల్లి పైసలు వస్తయి గానీ, ఇక్కడికెల్లి పంపేటోళ్ళను నిన్నే చూస్తున్ననమ్మా" అన్నాడు. కాగితాలు హైదరాబాదు పోవాలట, పదిహేను వందలు ఖర్చట. జైనబ్ నవ్వి లేచి వచ్చేసింది. రెండో బ్యాంకులో ఖర్చు తక్కువే గానీ, దారిలో ఇంకో బ్యాంకు కొంత పట్టుకుంటుందట. ఎంతో వాళ్ళకే తెలియదట.

"ఐదు వందలకు జర అటూ ఇటూ చేరుతదమ్మా" అన్నాడు అక్కడి గుమాస్తా.

"అటూ ఇటూ కాదు సారూ, ఐదు వందల ఒకటి. నేను గాజులు తెప్పిస్తే దారిల పగిలినవి అమ్మినోడే భరిస్తడు. మీరేమో దారిల పగలగొట్టి నన్నే భరించమంటుండ్రు. ఏంది ఈ యవ్వారం?"

గుమాస్తా వెనకున్న మనిషిని పిలిచాడు. చిల్లా మాత్రం దగ్గరికొస్తోంది. జైనబ్‌కు అన్నం సయించడం లేదు. అది చూసి రసూలే వనపర్తిలో కొత్తగా తెరిచిన బ్యాంకు సంగతి కనుక్కొచ్చి, ఆమెను తీసుకుపోయాడు.

అక్కడ కంప్యూటరు ముందు అర్చన అనే అమ్మాయి కూర్చుని ఉంది. "ఖర్చు మూడు వందలు, ఇక్కడనే వేరుగ కడ్తరు. దారిల ఖర్చు గూడ అండ్లనే. మీరు చెప్పినంతే పోతదమ్మా" అంది. జైనబ్ ఆ మాట మళ్ళీ చెప్పించుకుని గానీ సంచి విప్పలేదు. ఖాతా తెరిచి, అన్నీ నింపి, ఆఖరి మీట నొక్కబోయేసరికి కరెంటు పోయింది. రసూల్ నెత్తి కొట్టుకున్నాడు. జైనబ్ మాత్రం అర్చన చెయ్యి పట్టుకుని, "నీది రెండు నాలుగు సైజు" అని సంచిలోంచి ఆకుపచ్చ గాజులు తీసింది. డబ్బు పంపడానికి వచ్చిన చోట కూడా ఆమె అంగడి తెరుచుకుంది. కరెంటు వచ్చేసరికి అర్చన చేతికి డజను గాజులు, పైన ఒకటి ఉన్నాయి. ఆ గాజుల చేత్తోనే ఆ పిల్ల మీట నొక్కింది.

చిల్లా రోజు అల్ఫియా ఫోన్ చేసింది. "అమ్మీ, పైసలొచ్చినయి. ఐదు వందలు" అంది.

"ఐదు వందల ఒకటి" అంది జైనబ్.

"ఒకటి ఈడి బ్యాంకోళ్ళు పట్టుకున్నరు అమ్మీ."

జైనబ్ అంగట్లోనే కూలబడిపోయింది. పట్టుకుంటే వంద పట్టుకోకూడదా, పోయి పోయి ఆ ఒక్కటేనా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే వింటున్న రసూల్, "నేను వనపర్తి పోయి అడుగుత బ్యాంకోళ్ళను" అని ఆటో తీశాడు.

ఫోన్లో అల్ఫియా గొంతు తగ్గింది. "ఏడువకు అమ్మీ. ఆ ఒక్కటి నువ్వే వచ్చి దీని చేతిల పెట్టు. నువ్వు రానిది నా బిడ్డకు చిల్లా అయినట్టే కాదు."

కాన్పు నాడు ఇంత మాట అననిది, కూతురు ఎంత ఓర్చుకుందో జైనబ్‌కు అప్పుడు తెలిసింది. సాయంత్రం అంగడి మూసి, నేరుగా ఫోటో స్టూడియోకు పోయి, పాస్‌పోర్టుకని భయం భయంగా ఫోటో దిగింది. ఆ ఫోటోలో ఆమె అప్పుడే విమానంలో ఉన్నట్టు కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నదని రసూల్ నవ్వుతాడు. ఫోటోలో కుర్చీ కనపడదు, అయినా నవ్వుతాడు.

రెండు రోజులకు అర్చన ఫోన్ చేసింది. రసూల్ పోయి చేసిన గలాటా ఫలించినట్టే ఉంది.

"తప్పు అయిందమ్మా. మేము రాసి పంపితే ఆ ఒక్క దిర్హాము తిరిగొస్తది. రాయమంటరా?"

"వద్దు బిడ్డా" అంది జైనబ్. "అది తిరిగొస్తే నేను పోయే పని ఉండదు."