సగం గోడ

గద్వాల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్న ఒక మధ్యాహ్నం, షేర్వాణీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వెయిటింగ్ రూములోకి వచ్చాడు. కూర్చోలేదు. కొత్తగా పోసిన సిమెంటు స్తంభాలను ఒక్కొక్కటే తడిమాడు. వాటి మధ్య మనిషెత్తు దాకా కట్టిన గోడను, దానిపైన గాలి కోసం వదిలిన సందును చాలాసేపు చూశాడు. ఆ సందులోంచి మనిషి దూరవచ్చు. నేను ట్రంకుపెట్టెను కాళ్ల మధ్యకు లాక్కున్నాను.

"తమ్మీ, జర బయట కూసో," అన్నాడు.

"ఎందుకు? పెట్టె ఈడనే ఇడిచిపెట్టి పోవాల్నా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. తలుపు దగ్గర నిలబడే చెప్పాడు.

"బీహార్ల మా తమ్ముడు, నేను బట్టల దుకాణం కట్టినం. గిట్లనే సిమెంటు స్తంభాలు, నడుమ సగం గోడ. భూమి కదిలితే స్తంభం నిలువునా ఊగాలె. గోడ దాన్ని కిందికెల్లి గట్టిగ పట్టుకుంది. ఊగుడంత పైన మిగిలిన మూరెడు మీద పడ్డది. స్తంభాలు గాడనే విరిగినయి. తమ్ముడు లోపల ఉండె."

"సగం గోడ ఎవరు కట్టమన్నరు?" నాకింకా అనుమానం తీరలేదు.

"నేనే. గాలి కావాలన్న."

రైలు వచ్చింది. ఆయన ఎక్కలేదు. చెప్పింది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు.

కొన్నేళ్లకు మా తమ్ముడు వనపర్తిలో సిమెంటు స్తంభాలతో దుకాణం మొదలుపెట్టాడు. పక్కగోడ సగం దాకా చాలన్నాడు.

"కడితే పైదాక కట్టు, లేకుంటే అసలే వద్దు," అన్నాను.

వాడు పైదాకే కట్టాడు. లోపల గాలాడదని ఎండాకాలం వచ్చిందంటే చాలు, వాడు నన్ను తిడుతూనే ఉంటాడు.