తల దించుకున్న బండి

మా మేనమామ మనుషుల్లో ముందు మొహం కాదు, బరువు చూసేవాడు. బచ్చన్నపేట పత్తి లోడుకు కుంగుతోందని తన పికప్ బండికి వెనక అదనంగా బరువు మోసే కమాన్ పట్టీలు వేయించాడు. దాంతో వెనక భాగం లేచింది. లోడు లేనప్పుడు బండి తప్పు చేసినదానిలా తల దించుకుని నిలబడేది. మామకు అది పెద్ద తలవంపు.

రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూసి, "జర వంగింది" అనేవాడు. వెంటనే జనగామ బస్సు కోసం చూస్తున్న ఆడవాళ్లను పిలిచి వెనక ఎక్కించుకునేవాడు. బండి సమంగా నిలిచేది. ఊరు దాన్ని ధర్మబుద్ధి అనుకుంది.

చివరికి మెకానిక్ చేత ముందు వైపు కూడా లేపించాడు. ఖాళీ బండి సమంగా నిలిచింది. మర్నాడు బస్టాపు దగ్గర ఆగకుండా పోతుంటే, కూరగాయల గంపతో నిలబడ్డ లావుపాటి అవ్వ కేకేసింది.

"ఏంది కొడుకా, బండి తల లేవంగనే మేం కనవడ్తలేమా?"

మామ సిగ్గుపడి ఆగాడు. అందరూ వెనక ఎక్కారు. మామ దిగి, కన్ను మూసి చూశాడు. బండి ముక్కు ఆకాశం వైపు లేచింది.

"జర లేసింది," అన్నాడు దిగులుగా. తర్వాత పక్క సీట్లో ఉన్న బక్కపలచని నన్ను చూశాడు.

"అల్లుడా, నువ్వు ఎనకకు పో. అవ్వా, గంపతోటి ముంగటికి రా."

జనగామలో దిగాక అవ్వ అందరికీ చెప్పింది: "నన్ను పక్కన కూసోవెట్టుకుంటెగాని మావోడు బండి తియ్యడు!"