చెల్లి చూసిన ఎర్రజెండా

మా చిన్నప్పుడు మా ఇల్లంటే నిడదవోలు అవతల, రైలు గేటు పక్కన ఒక పాక... నాన్న ఆ గేటుకు కాపలా. పాక వెనక వేపకొమ్మకు పాతచీర ఉయ్యాల, అందులో మూడు నెలల చెల్లి చిట్టి. పగలంతా గుక్కపట్టి ఏడ్చేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊపి ఊపి నా చేతులు పడిపోయేవి.

పాకలో మేకుకు నాన్న జెండాలు రెండు వేలాడేవి. ఒకరోజు విసుగెత్తి, పచ్చది తెచ్చి చిట్టి మొహం ముందు ఊపాను... పట్టించుకోలేదు. ఎర్రది ఊపాను. ఏడుపు టక్కున ఆగిపోయింది! జెండా ఎటు తిరిగితే దాని కళ్లు అటే. బొడ్డూడని పిల్లకు రంగుల తేడా కూడానా అని నవ్వొచ్చింది.

ఇంకేం... ఎర్రజెండాను ఉయ్యాల తాడుకు కట్టేసి, కాలవగట్టుకు ఆటలకు పోయాను.

ఆ మధ్యాహ్నమే వరిమోపుల బండి ఒకటి పట్టాల మధ్య ఇరుక్కుపోయింది. దూరంగా రైలు కూత. నాన్న పాకలోకి పరిగెత్తాడు. మేకుకు ఎర్రజెండా లేదు. తలగుడ్డ విప్పి ఊపాడు... అది తెల్లది, రైలు ఆగలేదు. బండివాడు దూకి బతికాడు. ఎడ్లు రెండూ నుజ్జునుజ్జయ్యాయి.

తనిఖీకి వచ్చిన రైల్వే దొర ఉయ్యాలకున్న జెండాను వేలితో చూపించాడు.

"ఎవరే కట్టింది?" అని అరిచాడు నాన్న.

అమ్మ ఒక్కసారి నా వంక చూసింది. "నేనేనండీ," అంది.

నాన్న కొట్టిన దెబ్బలన్నీ అమ్మ మీద నా కళ్లముందే పడ్డాయి... నేను నోరు మెదపలేదు.

సాయంత్రానికి ఉద్యోగం, పాక రెండూ పోయాయి. మామ్మ ఉయ్యాలకేసి చూసి, "ఉద్యోగం మింగేసిందిరా ఈ దరిద్రపు పిల్ల!" అంది. ఆ మాటే దానికి పేరైపోయింది. నాన్న పోయేదాకా దాన్ని ఎత్తుకోలేదు. దాని పెళ్లిలో కూడా ఎర్రచీర కట్టనివ్వలేదు. జెండా కట్టింది నేనని అమ్మ ఎవరికీ చెప్పకుండానే కన్నుమూసింది.

మొన్న చిట్టి ఇంటికి వెళ్లాను. కొడుకు ఉయ్యాల మీద ఎర్రటి లక్కచిలకలు కట్టింది. వాడు రెప్ప వెయ్యకుండా వాటినే చూస్తున్నాడు.

"పసివాళ్ల చూపు ఎరుపు మీదికే పోతుంది కదక్కా... మరి నేను చేసిన తప్పేంటే?" అంది.

చెబుదామనే నోరు తెరిచాను. "చిలకలు బావున్నాయే," అన్నాను.

ఇప్పుడు ఏ ఉయ్యాల చూసినా రంగురంగుల బొమ్మలే... పసిపిల్ల చూపును ఎవరూ తప్పు పట్టరు. మీ చిన్ననాటి తప్పు మోస్తున్న చెల్లెలు మీకూ ఉందా? ఉంటే చెప్పండి... నాకు కాదు, దానికి.